మందునకు దొరకని క్రిమి



క్షయను మన పూర్వులు రాజయక్ష్మ మనిరి. దక్షుని శాపమున చంద్రునకు సోకెనని పురాణములు చెప్పును. దీనికి కారణమొక సూక్ష్మక్రిమి యని 1882లో రాబర్ట్ కాఖ్ చూపెను. తగిన మందులేని దినములలో మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమువంటి చోటులే తెలుగువారికి శరణ్యము. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స.

1952లో ఐసోనియజిడ్ అను మందు వాడుకలోనికి వచ్చెను. ఇంటనుండి మందు మ్రింగిన రోగియు ఆరోగ్యశాలలోని రోగివలెనే కోలుకొనునని మదరాసు పరిశోధన 1959లో తెలిపెను. అయినను మందు నెలలతరబడి మ్రింగవలసియే యుండెను. ఏల?

ఒక జాడ అంతకుముందే, 1944లో, దొరకియుండెను. జోసఫ్ బిగ్గర్ చీముపట్టించు క్రిములపై పెనిసిలిను ప్రయోగింపగా, బహుకొలదిమాత్రము బ్రదికెను. కాని వాని సంతానము మరల మందునకు లొంగెను. కావున అది వంశమున సంక్రమించిన బలము కాదు.

మఱి యేమి? కణములోని జన్యువుల ఆజ్ఞచే మాంసకృత్తులు తయారగును. ఆ ఆజ్ఞను మోయు అణువులు మిక్కిలి కొలది. గంపెడు గవ్వలు విసరిన, వెల్లకిల పడునవి ప్రతిసారియు ఇంచుమించు ఒకే పాలు. నాలుగే విసరిన, ఎట్లు పడునో చెప్పజాలము. 2002లో అమెరికాలో మైకేల్ ఎలోవిట్జ్ బృందమువారు ఒకే క్రిమియందు ఒకే ఆజ్ఞకు లోబడిన రెండు జన్యువులను పెట్టి, అవి వేర్వేరు రంగుల వెలుగునట్లు చేసిరి. రెండును సమముగా వెలుగవలసినది. కొన్ని క్రిములలో నొకటి, కొన్నిట మఱియొకటి హెచ్చెను.

ఐసోనియజిడ్ తనంతట క్రిమిని చంపదు. క్రిమిలోని కాట్‌-జి అను ఎంజైమే దానిని విషముగా మార్చును. 2013లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు క్షయక్రిమికి దాయాదియైన యొక క్రిమిజాతిని ఒక్కొక్కటిగా గమనించిరి. ఆ ఎంజైము ఎడతెగక గాక, యదృచ్ఛగా, అప్పుడప్పుడు పుట్టుచుండెను. దానిని అరుదుగా పుట్టించిన క్రిములే ఎక్కువగా బ్రదికెను.

చికిత్స దీర్ఘమగుటకు ఇదియొక్కటే కారణము కాదు; అయినను మఱవరాని కారణము. నేడు సాధారణ క్షయకు ఆరుమాసముల చికిత్స కలదు. మా అల్లాదుర్గమువంటి యూళ్లలో దగ్గు తగ్గగానే మందు మానుట కలదు. దగ్గు తగ్గుట పెక్కు క్రిములు చచ్చెనను గుర్తే గాని, అన్నియు చచ్చెనను గుర్తు కాదు. నేడు దాగినది రేపు మందునకు చిక్కవచ్చును. కాని రేపును దేహమున మందుండవలెను. కడపటి మాత్రవరకు మ్రింగించుట ఇంటిపెద్దల కర్తవ్యము.