పబ్లిక్ హౌస్: లండన్ పేట పబ్‌లో 'పబ్లిక్' ఎవరు?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• లండన్ పేట పబ్ ఎటువంటి చట్టాల వల్ల నేటి రూపానికి వచ్చిందో వివరించగలుగుతారు.
• ఒక భవనాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో చెప్పగలుగుతారు.
• బహిరంగ స్థలాల్లో ప్రవేశ హక్కు విషయంలో బ్రిటన్, భారతదేశ చట్టాలను పోల్చగలుగుతారు.

1. విషయ పరిచయం

'పబ్' అనగానే మీకు హైదరాబాదులోని రంగురంగుల దీపాలు, హోరెత్తే సంగీతం గుర్తుకు రావచ్చు. లండన్ పేట పబ్ అటువంటిది కాదు. అది వీధి మూలన బొమ్మ వేసిన బోర్డు వేలాడే పాత భవనం. సాయంత్రం ఆ పేటవాళ్లు చేరి, బీరు తాగుతూ కబుర్లు చెప్పుకొనే చోటు. పబ్ అనేది 'పబ్లిక్ హౌస్' అనే మాటకు కురచ రూపం.

పూర్వం అక్కడ జరిగింది తాగడం ఒక్కటే కాదు. కార్మిక సంఘాలు, పరస్పర సహాయ సంఘాలు పబ్‌లలోనే సమావేశమయ్యేవి. సామాన్యులకు ఓటు హక్కు కోరిన లండన్ కరస్పాండింగ్ సొసైటీ 1792 జనవరిలో స్ట్రాండ్ వీధి సమీపంలోని బెల్ టావర్న్‌లో ఏర్పడింది. అనుమానాస్పద మరణాలపై విచారణలు కూడా పబ్ గదుల్లో జరిగేవి. కొన్ని వృత్తుల్లో కూలి డబ్బులు అక్కడే ఇచ్చేవారు. అందులో చాలా భాగం అక్కడే ఖర్చయ్యేది. 1883లో పార్లమెంటు ఈ పద్ధతిని నిషేధించింది.

పేరులో 'పబ్లిక్' ఉన్నంత మాత్రాన అందరికీ సమానంగా చోటు దక్కిందా? ఈ పాఠ్యభాగంలో మనం చర్చించే ప్రశ్న ఇదే.

2. మూడు రకాల ఇళ్లు

పబ్‌కు మూడు పూర్వరూపాలున్నాయి. బాటసారులకు బస, భోజనం ఇచ్చేది 'ఇన్'. ప్రధానంగా ద్రాక్షసారా అమ్మేది 'టావర్న్'. సామాన్యులకు ఏల్, బీరు అమ్మేది 'ఏల్‌హౌస్'. 1552 నాటి చట్టం ప్రకారం ఏల్‌హౌస్ నడపాలంటే స్థానిక మేజిస్ట్రేట్ల అనుమతి తప్పనిసరి అయింది.

వీటి మధ్య చట్టపరమైన తేడా ఒకటి ఉంది. గది ఖాళీగా ఉన్నప్పుడు తగిన కారణం లేకుండా బాటసారిని తిప్పి పంపే హక్కు ఇన్ యజమానికి లేదు. కేవలం పానీయాలు అమ్మే ఇంటి యజమానికి ఆ బాధ్యత లేదు. తనకు ఇష్టం లేనివారిని అతడు పొమ్మనవచ్చు. ఈ తేడాను గుర్తుంచుకోండి.

1830 నాటి బీర్‌హౌస్ చట్టం పరిస్థితిని మార్చివేసింది. పన్ను చెల్లించే ఏ గృహస్థుడైనా ఏడాదికి రెండు గినీలు కట్టి, మేజిస్ట్రేట్లతో పని లేకుండా బీరు అమ్ముకోవచ్చు. జనాన్ని జిన్ నుండి బీరు వైపు మళ్లించడం, బీరు వ్యాపారంలో గుత్తాధిపత్యాన్ని తగ్గించడం ప్రభుత్వ ఉద్దేశాలు. కొద్ది నెలల్లోనే వేల సంఖ్యలో బీరు ఇళ్లు వెలిశాయి. 1869లో ఈ అధికారం తిరిగి మేజిస్ట్రేట్ల చేతికి వచ్చింది. లైసెన్సులు దొరకడం కష్టమయ్యేకొద్దీ లైసెన్సు ఉన్న ఇంటి విలువ పెరిగింది. బీరు తయారీ సంస్థలు అటువంటి ఇళ్లను పోటీ పడి కొని, నగిషీలతో, అద్దాలతో అలంకరించాయి. నేడు మనం చూసే విక్టోరియన్ పబ్ చాలావరకు ఈ పోటీ ఫలితమే.

3. గోడలు చెప్పే చరిత్ర

హోల్బోర్న్‌లోని ప్రిన్సెస్ లూయిస్ అనే పబ్‌లోకి మీరు అడుగు పెట్టారనుకోండి. దీని లోపలి అలంకరణ 1891 నాటిది. మధ్యలో కౌంటరు, దాని చుట్టూ చెక్కతోను, నగిషీ అద్దాలతోను విడదీసిన చిన్న చిన్న అరలు కనిపిస్తాయి. కౌంటరులో ఉన్నవారికి అన్ని అరలూ కనిపిస్తాయి. ఒక అరలోనివారికి పక్క అరలోనివారు కనిపించరు.

ఈ అమరికకు కారణం వర్గభేదం. 'పబ్లిక్ బార్' కూలీలది. అందులో చెక్క బల్లలు, ఉత్త నేల ఉండేవి. 'సెలూన్ బార్' గుమాస్తాలది, వర్తకులది. అక్కడ తివాచీలు, మెత్తని ఆసనాలు ఉండేవి. రెండు చోట్లా అదే బీరు, సెలూన్‌లో మాత్రం కొంచెం ధర ఎక్కువ. కొన్ని పబ్‌లలో కౌంటరు మీద ముఖం ఎత్తున, ఇరుసుపై తిరిగే చిన్న అద్దపు పలకలు ఉండేవి. వీటిని స్నాబ్ స్క్రీన్లు అంటారు. తాగేవారి ముఖం కౌంటరు అవతలివారికి కనబడకుండా ఇవి కాపాడేవి. బ్లూమ్స్‌బరీలోని ది లాంబ్ అనే పబ్‌లో వీటిని ఇప్పటికీ చూడవచ్చు.

ఇక్కడ మీరు ఒక జాగ్రత్త పాటించాలి. 20వ శతాబ్దంలో మేజిస్ట్రేట్ల ఒత్తిడి వల్ల, మారిన అభిరుచుల వల్ల అనేక పబ్‌లలో అడ్డుగోడలు తొలగించారు. ప్రిన్సెస్ లూయిస్‌లోని అరలు కూడా 2007-08 ప్రాంతంలో తిరిగి అమర్చినవే. కాబట్టి ఒక భవనాన్ని ఆధారంగా తీసుకొనేటప్పుడు ఏది పాతదో, ఏది పునర్నిర్మించినదో ముందుగా విచారించాలి.

4. స్త్రీలు, వలస వచ్చినవారు

స్త్రీలు పబ్‌లకు వచ్చేవారు కాని, అన్ని గదుల్లోకీ కాదు. 'మాస్ అబ్జర్వేషన్' పరిశోధకులు బోల్టన్ పట్టణాన్ని పరిశీలించి 1943లో ప్రచురించిన 'ది పబ్ అండ్ ది పీపుల్' గ్రంథం, కొన్ని గదులు పురుషులకే పరిమితమని నమోదు చేసింది. లండన్ ఫ్లీట్ వీధిలోని ఒక వైన్ బార్‌లో స్త్రీలకు కౌంటరు వద్ద నిలబడి తాగే వీలు ఉండేది కాదు, వెనుక గదిలో కూర్చోవలసిందే. ఇది చట్టవిరుద్ధమని అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది 1982లో. అంటే లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చిన ఏడేళ్లకు.

వర్ణ వివక్ష మరింత కఠినమైనది. 1943లో వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్‌కు లండన్‌లోని ఒక హోటల్ బస నిరాకరించింది. ఆయన కోర్టుకు వెళ్లి, 1944లో అయిదు గినీల పరిహారం పొందారు. పైన చెప్పుకొన్న ఇన్ యజమాని బాధ్యతే ఆయనను గెలిపించింది. పానీయాలు మాత్రమే అమ్మే పబ్ ఆయనను పొమ్మని ఉంటే ఆ దారి మూసుకుపోయి ఉండేది.

యుద్ధానంతరం కరీబియన్ దీవుల నుండి, భారత, పాకిస్తాన్‌ల నుండి కార్మికులు బ్రిటన్‌కు వచ్చారు. అనేక పబ్‌లు వారిని రానివ్వలేదు. బర్మింగ్‌హామ్ సమీపంలోని స్మెథిక్‌లో కొన్ని పబ్‌లు వారిని సాధారణ బార్‌కు పరిమితం చేసి, మెరుగైన గదుల్లోకి రానివ్వలేదు. వర్గం కోసం కట్టిన గోడ వర్ణానికి పనికివచ్చిందన్నమాట. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ వంటి సంఘాలు దీనిపై పోరాడాయి. 1965 నాటి జాతి సంబంధాల చట్టం పబ్‌లు సహా బహిరంగ స్థలాల్లో ఈ వివక్షను నిషేధించింది. అయితే దానిని నేరంగా పరిగణించలేదు, రాజీ ప్రయత్నాలకే ప్రాధాన్యమిచ్చింది.

5. మన దేశంతో పోలిక

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల ప్రవేశంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఎవరినీ అడ్డగించరాదని చెప్పింది. అంటే ఈ విషయంలో బ్రిటన్ కన్నా మనం 15 ఏళ్లు ముందున్నాం. అయినా మన పల్లెల్లో టీ కొట్ల వద్ద దళితులకు వేరే గ్లాసు పెట్టే 'రెండు గ్లాసుల పద్ధతి' ఆ తరువాత కూడా కొనసాగింది. సెలూన్ బార్, వేరే గ్లాసు ఒకటి కావు. మొదటిది ప్రధానంగా డబ్బుతో దాటగల గోడ, రెండవది పుట్టుకతో కట్టిన గోడ. కాని రెండింటిలోనూ మనిషి లోపలికి వచ్చాక కూడా అతడి చోటు ఏదో ఇతరులే నిర్ణయించారు.

6. సారాంశం

పేట పబ్‌లో చోటు కోసం జరిగిన పోరాటం నేడు పబ్ ఉనికి కోసం పోరాటంగా మారింది. స్థలాల ధరలు పెరగడంతో అనేక పబ్‌లు మూతపడుతున్నాయి. 2015లో లండన్ మైదా వేల్ ప్రాంతంలోని కార్ల్‌టన్ టావర్న్‌ను అనుమతి లేకుండా కూల్చివేశారు. స్థానికులు ఉద్యమించారు. పబ్‌ను ఉన్నది ఉన్నట్లు తిరిగి కట్టాలని నగరపాలక సంస్థ ఆదేశించింది. 2021లో అది మళ్లీ తెరుచుకొంది. తమది కాని భవనాన్ని ఆ పేటవాళ్లు తమదిగా భావించారు. 'పబ్లిక్' అనే మాటకు అర్థాన్ని ఇచ్చింది పేరు కాదు, ఒక్కొక్క తరం చేసిన పోరాటమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఇన్ యజమానికి, ఏల్‌హౌస్ యజమానికి ఉన్న చట్టపరమైన తేడా ఏమిటి?
2. పబ్ అడ్డుగోడలను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఏది?
3. మీ ఊరిలోని టీ కొట్టు, రచ్చబండ లేదా కల్లు దుకాణం వద్ద నలభై ఏళ్ల క్రితం ఎవరు ఎక్కడ కూర్చొనేవారో పెద్దలను అడిగి, 10 వాక్యాల్లో రాయండి.