సుర, మద్యము, కల్లు

పురాణములకుఁ దెలుఁగు తాత్పర్యములు వ్రాయువారు 'సుర' యను పదము కనఁబడినంతనే 'కల్లు' అనియో 'సారాయి' అనియో వ్రాసి ముందునకు సాగుట వాడుకయైనది. ఈ రెండు మాటలును సురకు సరిపోవు. కల్లు చెట్టునుండి కాఱు రసము. సారాయి బట్టీపెట్టి కాఁచి దింపిన ద్రవము. సుర యన్ననో గింజలను నానవైచి పులియఁబెట్టిన పానీయము. నేఁటి పానీయములలో దీనికిఁ జుట్టము బీరేగాని బ్రాందిగాదు. ఈ భేదము పానప్రియులకు మాత్రమే కావలసినదని తలఁపరాదు. మన ధర్మశాస్త్రములలోఁ బాపము యొక్క తారతమ్యమును బ్రాయశ్చిత్తమును దీనినిబట్టియే నిర్ణయింపఁబడినవి.

సురను జేయు విధమునకు మనకున్న ప్రాచీనసాక్ష్యము సౌత్రామణీయాగము. ఇంద్రుఁడు త్వష్ట యింట సోమమును మితిమీఱఁ ద్రావి యస్వస్థుఁడు కాఁగా, నశ్వినులును సరస్వతియు నీ యాగముచే నాతని బాగుచేసిరని శతపథబ్రాహ్మణ గాథ. త్రాగి చెడినవానికిఁ ద్రాగుడే మందగుట చిత్రమే! ఆ సురకుఁ గావలసిన సంభారములు నాలుగు: మొలకెత్తిన వడ్లు, మొలకెత్తిన యవలు, పేలాలు, నగ్నహువను మూలికల చూర్ణము. ఆ మిశ్రమమును మూఁడు రాత్రు లుంచవలయును. గింజ మొలకెత్తునపు డందలి పిండి తీపిగా మాఱును. ఆ తీపియే పులిసి మత్తునిచ్చును. ఐరోపాఖండమువారు బీరుకొఱకు యవలను మొలకెత్తించుట కిదియే కారణము. సుర ధాన్యపానీయ మనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

1909లో శామశాస్త్రిగారు మైసూరున నచ్చొత్తించిన కౌటిలీయార్థశాస్త్రమున సురాధ్యక్షప్రకరణ మొకటి కలదు. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని పానీయము లాఱు చెప్పఁబడినవి. మేదకమునకుఁ గొలఁత యిది: నీరు ద్రోణము, బియ్య మర్ధాఢకము, కిణ్వము మూఁడు ప్రస్థములు. నాలుగు ప్రస్థము లాఢకమును, నాలుగాఢకములు ద్రోణమును గావున, పదాఱు పాళ్ల నీటికి బియ్యము రెండు పాళ్లు, కిణ్వము మూఁడు పాళ్లు. బియ్యముకంటెఁ గిణ్వమే యెక్కువయగుట మొదటఁ జదువువారికి వింతగాఁ దోఁచును. కాని కిణ్వమును మినుములతోను, వానికి మూఁడవవంతు ఎక్కువగాఁ జేర్చిన బియ్యముతోను మూలికలు కలిపి చేయుదురని కౌటిల్యుఁడే చెప్పుచున్నాఁడు. అనఁగా నదియును ధాన్యమే, పులియఁబెట్టు తోడు. నేఁటికిని ఒడిశా, ఝార్ఖండ్ ప్రాంతముల యడవిజాతులవారు హాండియా యను బియ్యపుఁ బానీయమును 'రాను' అను మూలికల యుండలతోఁ బులియఁబెట్టుచున్నారు. హిమాలయప్రాంతములవారి 'మార్చా' యుండలు నట్టివే. కిణ్వమన నేమో తెలియఁగోరువారు కోశములు వెదకుటకంటె నా యుండలను జూచుట మేలు.

మధువనఁగా నిట ద్రాక్షరసము. దానికిఁ గౌటిల్యుఁడు చెప్పిన పేరులు కాపిశాయనము, హారహూరకము అనునవి. రెండును దేశములనుబట్టి వచ్చినవి. కాపిశి కాబూలున కుత్తరమున నుండిన నగరము. కాపిశాయనశబ్దసాధనకుఁ బాణిని యొక సూత్రమునే వ్రాసినాఁడు. ఫలాన యూరి సరకే కావలెనను రసికుల పట్టుదల వ్యాకరణమునకుఁ గూడ నెక్కినదన్నమాట. ఒకని యభిరుచి నిఘంటువున కెక్కిన సందర్భమును గలదు. అమరసింహుఁడు సురాపర్యాయములలో 'హలిప్రియ' యను పదమును జేర్చినాఁడు. బలరామునకుఁ బ్రియమైన దని యర్థము. అట్టి బలరాముఁడును భారతయుద్ధమునకు విముఖుఁడై, హాలను విడిచి సరస్వతీజలమును సేవించెనని కాళిదాసు మేఘసందేశమునఁ దలఁచినాఁడు.

కౌటిల్యుని పానశాలలలో వేఱువేఱు గదులు, పడకలు, ఆసనములు, గంధమాల్యములు, నీరు నుండవలయును. ఎవఁ డెంత వ్యయపెట్టుచున్నాఁడో గూఢచారులు కనిపెట్టవలయును. ఉత్సవములందు నాలుగుదినములు జనులకుఁ బానమునకు సెలవు. ఇంతవఱకు రాజనీతి. చెడిన సురను మాత్రము వేఱొకచోట నమ్మవలయును, లేదా దాసులకును గూలివాండ్రకును గూలిగా నీయవలయును అను విధి చదివినపుడు మనసు కలఁగును. సొమ్ము గలవాని నాలుకకుఁ గాపిశాయనము, చెమటోడ్చువానికిఁ బాడైన కుండ! మన వర్తమానచరిత్రమున సారాయి కూలివాని యింటఁ జేసిన చెఱుపునకు మూల మిచటనే కొంత కానవచ్చుచున్నది.

విదేశమద్యములకుఁ గూడ మనదేశమున గిరాకి యుండెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాఁటి పెరిప్లస్ అను గ్రీకు నావికగ్రంథము బరుకచ్ఛపు రేవున దిగు సరకులలో మద్యమును జెప్పి, అందు ఇటలీ సరకునకుఁ బ్రథమస్థానమిచ్చి, లవోదికీయము, అరబ్బుదేశపుది పిమ్మటఁ బేర్కొన్నది. ఆ రేవునకు శాతవాహనుల ప్రతిష్ఠానమునుండి బండ్లమీఁద సరకు వచ్చుచుండెననియు నదియే చెప్పుచున్నది. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడున 1945లో వీలర్‌గారు జరిపిన త్రవ్వకములలో నట్టి మద్యభాండముల పెంకులు దొరకినవి.

ఇఁక ధర్మశాస్త్రముల మాట. మనువు గౌడి, పైష్టి, మాధ్వి యని సురలు మూఁడనెను. బెల్లముతోఁ జేసినది, పిండితోఁ జేసినది, మధువుతోఁ జేసినది. మాధ్వియన మధూకపుష్పములతోఁ, అనఁగా నిప్పపూవుతోఁ జేసినదని వ్యాఖ్యాతలలోఁ గొందఱు. కల్యాణమున విక్రమాదిత్యచాళుక్యుని కాలమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుఁడు పులస్త్యస్మృతి నుదాహరించి పదునొకండు మద్యములను లెక్కించినాఁడు. పనస, ద్రాక్ష, ఇప్ప, ఖర్జూరము, తాడు, చెఱకు, కొబ్బరి మొదలగునవి యందుఁ గలవు. సుర పండ్రెండవది, అన్నిటికంటె నధమము. సురాశబ్దమునకు ముఖ్యార్థము పైష్టియే యనియు, ద్విజులకందఱకు మహాపాతకమైనది యదియే యనియు, తక్కిన మద్యములు బ్రాహ్మణునకు నిషిద్ధములైనను క్షత్రియవైశ్యులకు దోషములు కావనియు నాతని నిర్ణయము. కావునఁ దాటికల్లు త్రాగిన క్షత్రియునకు దోషము లేదు. బియ్యపు సుర త్రాగినచో మహాపాతకము. మత్తులోఁ దేడా లేకున్నను బదార్థములోఁ దేడా చూచిరి. అన్నమగు ధాన్యమును గుళ్లఁజేసి త్రాగుటయందలి యసహ్యమే దీనికి హేతువని నా యూహ.

కల్లు విషయమున మన జనుల రుచిభేదము శాస్త్రకారులదానికంటె సూక్ష్మమైనది. తాటిచెట్టు గెలను గోసి కల్లు దింపుదురు. ఈఁతచెట్టునకు మొవ్వుక్రింద మ్రానిని జెక్కి దింపుదురు. మన్యమున జీలుగుకల్లునకు మన్నన మెండు. పోతుతాటి కల్లు వేఱు, పెంటితాటి కల్లు వేఱు. ప్రొద్దుటి లొట్టి తియ్యన, మాపటికిఁ బులుపు. లొట్టికి లోపల సున్నము పూసినచోఁ బులియక నీరాగా నిలుచును. మోకును ముస్తాదును గట్టుకొని చెట్టెక్కు గీఁతకానికిఁ దెలిసిన యీ తారతమ్యము లే స్మృతిలోను లేవు.

సారాయికి వచ్చుచు 'అరక్' అనునది అరబ్బీభాషలోఁ జెమటయని తెలిసికొనవలెను. బట్టీలోఁ జినుకుచినుకుగా దిగుటచే నా పేరు. ఢిల్లీలో నలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) మద్యమును నిషేధింపఁగా జనులు రహస్యముగా నిండ్లలోఁ గాఁచుకొనిరనియుఁ, దుదకు సుల్తాను ఇంటిలోఁ ద్రాగువారిని జూచిచూడనట్లు విడిచెననియు బరనీ వ్రాసెను. మదరాసు ఆబ్కారీచట్టము 1886లో వచ్చెను. 1937లో సేలముజిల్లాలో మొదలైన మద్యనిషేధము 1938లోఁ జిత్తూరు, కడప జిల్లాలకును, 1948లో రాష్ట్రమంతటికిని వ్యాపించెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు లేచి పోరాడఁగా 1993లో ఆంధ్రప్రదేశమున నిషేధింపఁబడినదియు సారాయియే. 1995లో సంపూర్ణనిషేధము వచ్చి 1997లోఁ దొలఁగింపఁబడెను.

నన్నయభట్టు తెనిఁగించిన కచోపాఖ్యానమును మరలఁ జదువుదము. రాక్షసులు కచుని భస్మమును గలిపి శుక్రున కిచ్చినది సుర. దానిని ద్రావి యెఱుక దప్పిన శుక్రుఁడు బ్రాహ్మణులకు సురాపానమును నిషేధించెను. అది కల్లైనచో మితాక్షర చొప్పున మద్యము. సారాయియైనచో భారతకాలమునఁ గాఁపుడుబట్టీ యుండవలెను. సౌత్రామణిలోని మొలకగింజల పానీయమని యర్థము చెప్పినచో నీ చిక్కులు రెండును దీఱును. ఇఁకముందు టీకలు వ్రాయువారు 'ధాన్యమద్యము' అని వ్రాసినఁ జాలును.