గుండెపోటు నిర్ధారణ చరిత్ర: రక్తసూచికలు, కరోనరీ రక్తప్రవాహం

గుండెపోటుతో వచ్చిన రోగి విషయంలో వైద్యులకు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. గుండె కండరం ఎంతమేరకు దెబ్బతిన్నది? ఆ కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనిలో ప్రవాహం ఎలా ఉంది? మొదటి ప్రశ్నకు సాక్ష్యం చేతి సిర నుంచి తీసిన రక్తంలో లభిస్తుంది, రెండవదానికి ఆంజియోగ్రామ్ చిత్రంలో. నేడు ఈ రెండూ ఒకే కేసు షీటులో పక్కపక్కనే కనిపిస్తాయి కనుక ఒకదానిని చూస్తే మరొకటి తెలిసిపోతుందనే భావన కలగడం సహజం. చరిత్ర ఈ భావనను సమర్థించదు. ఈ రెండు సాక్ష్యాలు వేర్వేరు ప్రయోగశాలలలో, వేర్వేరు అవసరాల కోసం రూపొందాయి. అవి పరస్పరం విభేదించిన సందర్భాలలోనే గుండెపోటును గురించిన అవగాహన ఎక్కువగా ముందుకు సాగింది.

కరోనరీ ధమని హఠాత్తుగా పూడుకుపోతే తక్షణ మరణం తప్పదనే అభిప్రాయం ఇరవయ్యవ శతాబ్దారంభంలో బలంగా ఉండేది. 1910లో కీవ్ నగరంలో ఒబ్రజ్‌త్సోవ్, స్ట్రాజెస్కో, 1912లో షికాగోలో జేమ్స్ హెరిక్ దీనిని ప్రశ్నించారు. రోగి జీవించి ఉండగానే ఈ స్థితిని గుర్తించవచ్చునని వారు చూపారు. హెరిక్ వ్యాసానికి మొదట పెద్దగా స్పందన రాలేదు. 1918-19 ప్రాంతంలో ఆయన, ఆయన సహచరుడు ఫ్రెడ్ స్మిత్ ఈసీజీ ఆధారాలను జోడించిన తరువాతనే వైద్యలోకం క్రమంగా దృష్టి సారించింది. అప్పటికి ధమనిని చూసే మార్గంగాని, రక్తంలో వెదకవలసిన పదార్థంగాని ఎవరికీ తెలియదు.

ఎంజైముల యుగం

1954లో న్యూయార్క్ పరిశోధకులు లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ 'సైన్స్' పత్రికలో ఒక చిన్న నివేదిక ప్రచురించారు. గుండెపోటు వచ్చినవారి సీరంలో ట్రాన్స్‌అమినేజ్ అనే ఎంజైము పెరుగుతున్నదని అందులోని సారాంశం. కణం చనిపోయినప్పుడు దాని పొర చిట్లి లోపలి పదార్థాలు రక్తంలోకి కారుతాయి. ఆ కారిన పదార్థాన్ని కొలిస్తే నష్టాన్ని అంచనా వేయవచ్చు. అయితే ఈ ఎంజైము కాలేయంలోనూ సమృద్ధిగా ఉంటుంది. కామెర్ల రోగి రక్తంలోనూ అది పెరుగుతుంది. గుండెకు మరింత సన్నిహితమైన సూచిక కోసం సాగిన అన్వేషణలో 1960లో ఫ్రాన్సులో డ్రేఫస్ బృందం క్రియాటిన్ కైనేజ్‌ను ముందుకు తెచ్చింది. అనంతర కాలంలో దాని 'ఎంబీ' రూపాన్ని వేరుచేసి కొలవడం వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ ఎంజైము పనిచేసేది ఫాస్ఫోక్రియాటిన్ మీద. కండరంలో ఆ పదార్థాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనుగొన్నవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. కండర శక్తిని అర్థం చేసుకోవడానికి జరిగిన ఆ శోధన మూడు దశాబ్దాల తరువాత హృద్రోగ నిర్ధారణకు ఇలా పరోక్షంగా తోడ్పడింది. తెలుగు విజ్ఞాన రచనలలో ఈ సంబంధానికి తగినంత చోటు దక్కలేదు.

క్రియాటిన్ కైనేజ్ నొప్పి మొదలైన నాలుగు నుంచి ఆరు గంటల తరువాత పెరగడం ప్రారంభించి, సుమారు ఒక రోజుకు గరిష్ఠస్థాయి చేరుతుంది. నేటి దృష్టికి ఈ ఆలస్యం పెద్ద లోపం. నాటి వైద్యులకు అది లోపంగా తోచకపోవడానికి కారణముంది. చికిత్స అంటే ప్రధానంగా మంచంపై విశ్రాంతి, మార్ఫిన్‌తో నొప్పి నివారణ. మరునాడు తేలిన ఫలితం వల్ల మారవలసిన నిర్ణయమేదీ లేదు. సూచిక విలువ చికిత్సా సామర్థ్యాన్ని బట్టి నిర్ణయమవుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

ప్రవాహం కనిపించిన తరువాత

1958లో క్లీవ్‌లండ్‌లో మేసన్ సోన్స్ కరోనరీ ధమనులలోకి నేరుగా రంగుమందు పంపి చిత్రించారు. అయినా గుండెపోటు సాగుతున్న రోగికి ఈ పరీక్ష చేయడం ప్రమాదకరమనే భయం వల్ల అసలు ప్రశ్న మరో రెండు దశాబ్దాలు మిగిలిపోయింది. ధమనిలోని రక్తపు గడ్డ గుండెపోటుకు కారణమా, కండరం చనిపోయిన తరువాత ఏర్పడే పర్యవసానమా? శవపరీక్షల ఆధారంగా రెండవ వాదనను సమర్థించిన ప్రముఖ వ్యాధివిజ్ఞానులు ఉన్నారు. ఎంజైముల కొలత ఈ వివాదాన్ని తేల్చలేకపోయింది. కండరం చనిపోయిందని రక్తం చెప్పగలదు గాని ఎందుకు చనిపోయిందో చెప్పలేదు.

1980లో అమెరికాలోని స్పోకేన్ నుంచి డీవుడ్ బృందం ప్రచురించిన అధ్యయనం నిర్ణాయకమైంది. లక్షణాలు మొదలైన నాలుగు గంటలలోపు ఆంజియోగ్రామ్ చేసిన 126 మందిలో 110 మందికి, అంటే 87 శాతానికి, ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. 12 నుంచి 24 గంటల మధ్య పరీక్షించినవారిలో ఇది 65 శాతం. గడ్డ పర్యవసానమే అయితే కాలం గడిచేకొద్దీ మూసుకుపోయిన ధమనుల శాతం పెరగాలి, తగ్గకూడదు. అప్పటికే మాస్కోలో చాజోవ్, గోటింగెన్‌లో రెంట్రోప్ గడ్డను కరిగించే మందును ధమనిలోకి పంపి చూశారు. 1986లో ఇటలీలో 11 వేలకు పైగా రోగులపై జరిగిన 'జిస్సీ' పరిశోధన స్ట్రెప్టోకైనేజ్ మరణాలను తగ్గిస్తుందని నిరూపించింది. మొదటి గంటలో మందు అందినవారికి ప్రయోజనం అత్యధికం. ఆరు గంటలు దాటినవారిలో అది కనిపించలేదు. ఎంజైము పెరిగేవరకు వేచి ఉండడం అప్పటినుంచి ప్రాణాంతక జాప్యంగా మారింది.

ఇక్కడే రెండు సాక్ష్యాలు తొలిసారి ఒకదానినొకటి వివరించాయి. ధమని తెరుచుకున్న రోగులలో క్రియాటిన్ కైనేజ్ గరిష్ఠస్థాయి చాలా ముందుగా కనిపించింది. తిరిగి వచ్చిన రక్తం మృతకణాల పదార్థాన్ని కడిగి తీసుకుపోవడమే దీనికి కారణం. త్వరగా పెరిగిన ఎంజైము పెద్ద నష్టానికి కాక, పునరుద్ధరించిన ప్రవాహానికి గుర్తు కావచ్చు. ప్రవాహాన్ని పరిగణించకుండా రక్తపు అంకెను చదవడం ఎంత తప్పుదోవ పట్టించగలదో దీనివల్ల తెలుస్తుంది.

ప్రవాహం విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 1985 నాటి 'టిమి' పరిశోధన ప్రవాహాన్ని సున్నా నుంచి మూడు వరకు శ్రేణులుగా విభజించింది. 1996లో గిబ్సన్ బృందం రంగుమందు ధమని చివరకు చేరడానికి పట్టే ఫిల్ము ఫ్రేముల సంఖ్యను లెక్కించింది. ఎడమ ముందు ధమని పొడవైనది కనుక దాని సంఖ్యను 1.7తో భాగించారు. ఈ కొలతలన్నీ పెద్ద ధమనికి సంబంధించినవి. కాగా 1974లోనే క్లోనర్, గానోట్, జెన్నింగ్స్ కుక్కలపై చేసిన ప్రయోగం మరో సంగతి చూపింది. ధమనిని 40 నిమిషాలు మూసి వదిలితే కండరమంతటికీ రక్తం తిరిగి చేరింది. 90 నిమిషాలు మూసి వదిలినప్పుడు లోపలి పొరలలో కొన్ని భాగాలకు చేరనేలేదు. సూక్ష్మనాళాలే దెబ్బతినడం వల్ల ధమని తెరిచినా ప్రయోజనం అసంపూర్ణమైంది. 'నో-రిఫ్లో' అని పిలిచే ఈ స్థితి ప్రాముఖ్యం స్టెంట్ల కాలంలో గాని పూర్తిగా అర్థం కాలేదు.

ట్రోపోనిన్ తెచ్చిన సందిగ్ధం

1987లో కమ్మిన్స్ ట్రోపోనిన్-ఐ, 1989లో హైడల్‌బర్గ్‌కు చెందిన కాటస్ ట్రోపోనిన్-టి కొలతలను ప్రవేశపెట్టారు. 2000లో ఐరోపా, అమెరికా హృద్రోగ సంఘాలు గుండెపోటు నిర్వచనాన్ని ప్రధానంగా ట్రోపోనిన్‌పై నిలిపాయి. ఒక ప్రోటీను కొలత వ్యాధి నిర్వచనాన్నే మార్చిన అరుదైన ఘట్టమిది. కాని సున్నితత్వం పెరిగేకొద్దీ మూత్రపిండాల వైఫల్యంలోనూ, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలోనూ ఈ సూచిక పెరగడం వెల్లడైంది. అందుకే 2018 నాటి నాలుగవ సార్వత్రిక నిర్వచనం 'కండర గాయం', 'గుండెపోటు' అనే రెండింటిని స్పష్టంగా వేరుచేసింది. రక్తసరఫరా లోపించిందనడానికి వేరే ఆధారం లేనిదే ట్రోపోనిన్ ఒక్కటే గుండెపోటును నిర్ధారించదు.

సీఆర్‌పీ, ప్లేట్‌లెట్ల సగటు పరిమాణం వంటి సూచికలకు, స్టెంటు తరువాతి మందప్రవాహానికి మధ్య సంబంధాన్ని చూపే అధ్యయనాలు అనేకం వచ్చాయి. వీటిని జాగ్రత్తగా చదవాలి. ఆలస్యంగా ఆసుపత్రి చేరిన రోగిలో వాపు సూచికలు పెరిగి ఉంటాయి, సూక్ష్మనాళాలూ ఎక్కువగా దెబ్బతిని ఉంటాయి. ఈ రెండింటి వెనుక ఉన్నది గడిచిపోయిన కాలమే కావచ్చు. ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచిన రోగిని నేటికీ ఏ రక్తపరీక్ష ఫలితం కోసమూ ఆపరు. హెరిక్, స్మిత్‌లు వందేళ్ల క్రితం ఆధారపడిన ఆ గీతలను చూసే, నేరుగా ఆంజియోగ్రామ్ గదికి తరలిస్తారు.