మారుమనస్సు

కొన్ని దినముల క్రిందట మా తరగతిలో నొక బాలుడు లేచి ప్రశ్న యొకటి యడిగెను. వాని యింటి ప్రక్కనున్న ప్రార్థనమందిరపు గోడపై ‘మారుమనస్సు’ అను మాట పెద్ద యక్షరములతో వ్రాసియున్నదట. “అయ్యా, మనస్సు మారుట యనగా నేమి? నిన్న నొకటి తలచి నేడు మఱియొకటి తలచుటయా?” అని వాడడిగెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. కాని యింటికి వచ్చిన పిమ్మట నా ప్రశ్న మమ్ము విడువలేదు. ఇరువది యేండ్లుగా సంస్కృతమును ఇంగ్లీషును బోధించుచున్న మాకు, ఇంత దగ్గఱ నున్న తెలుగుమాట యర్థము తిన్నగా జెప్పుటకు నోరాడలేదు. ఆ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే యీ వ్యాసముద్దేశము.

తెలుగున ‘మారు’ అను శబ్దము విచిత్రమైనది. మారుపేరు గలదు, మారుమాట గలదు, మారువేషము గలదు. మా కూచిపూడి వేషముల యూరు. ఇచ్చటి పురుషులు తరతరములుగా స్త్రీవేషము ధరించి రంగమున కెక్కిరి. సిద్ధేంద్రయోగి రచించెనని సంప్రదాయము చెప్పు భామాకలాపమున సత్యభామ గర్వించి ప్రియుని గోల్పోవును. పిదప విరహమున దపించి, మాధవిచేత లేఖ నంపును. ఆ తాపమును జూచి కంట దడి పెట్టని ప్రేక్షకుడు మా ప్రాంతమున నరుదు. కాని తెల్లవాఱి వేషము తీసినతోడనే నటుడు నటుడే, ప్రేక్షకుడు ప్రేక్షకుడే. కన్నీరు ఎండిపోవును, పొరుగువానితో గల గట్టుతగవు యథాప్రకారము సాగును. తాపము వేఱు, మార్పు వేఱు అనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

క్రైస్తవగ్రంథమున నీ భేదము స్పష్టముగా గానవచ్చును. యూదుల హెబ్రీభాషయందు పాపి పశ్చాత్తాపమును దెలుపు ముఖ్యపదమునకు ‘మరలివచ్చుట’ యని యర్థము. త్రోవ తప్పినవాడు వెనుకకు దిరిగి యింటి దారి పట్టుట యందలి భావము. క్రొత్తనిబంధన గ్రీకుభాషలో వ్రాయబడినప్పు డాస్థానమున ‘మెటనోయియా’ యను పదము నిలిచెను. బుద్ధి మారుట, తలంపు మారుట యని దాని యర్థము. తరువాత లాటినులోనికి దింపినవారు దానిని ‘పెనిటెన్షియా’ యనిరి. ఈ మాటలో శిక్షయు, వ్రతమును జేయుట యను ఛాయ చేరెను. ఒక్క మాట మార్పు వలన నైరోపాఖండ చరిత్ర యెట్లు మలుపు తిరిగెనో చూడుడు.

మధ్యయుగములందు రోముసంఘము పశ్చాత్తాపము నొక సంస్కారముగా నేర్పఱచెను. 1215వ సంవత్సరమున గూడిన లాటెరను మహాసభ, ప్రతి విశ్వాసియు సంవత్సరమున కొకమాఱైన గురువునెదుట పాపము నొప్పుకొనవలెనని శాసించెను. హృదయమున దుఃఖము, నోట నొప్పుకోలు, చేత బరిహారము అను మూడంగము లేర్పడెను. ఇందు మూడవ యంగమే కొందఱిచేత వర్తకమయ్యెను. ధన మిచ్చి పరిహారపత్రముల గొనుట వాడుకయయ్యెను. 1516లో ఎరాస్మసు పండితుడు గ్రీకుమూలమును బ్రకటించి, లాటిను మాట మూలము భావమును సరిగా దెలుపుట లేదని చూపెను. మఱుసటి యేడు లూథరు తన తొంబదియైదు ప్రతిపాదనములను వెల్లడించెను. వానిలో మొదటిదే యీ విషయము: పశ్చాత్తాప మొకనాటి కర్మకాండ కాదు, విశ్వాసి జీవితమంతయు నట్లే యుండవలెను. రోముసంఘము 1551లో ట్రెంటు సభయందు తన సంస్కారమును దిరిగి స్థాపించుకొనెను. నేటికిని ఆంధ్రకతోలికులు ‘పాపసంకీర్తనము’ అను పేర దాని నాచరించుచున్నారు. ఆ మార్గమునను మనస్సు కరుగనిదే ఫలము లేదని వారి గురువులే బోధింతురు. కావున నీ వివాదమున నొక పక్షమువారే సత్యమును గనిరని చెప్పుట మా యభిప్రాయము కాదు.

తెలుగు బైబిలు కథ వేఱు. లండను మిషనరీసంఘమువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాయరను బ్రాహ్మణుని సాయమున సువార్తల ననువదింపగా, మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడెను. క్రొత్తనిబంధనము 1818లో మదరాసున వెలువడెను. అనేకుల చేతులమీదుగా బెరిగిన యీ యనువాదమున నేటి చదువరికి గానవచ్చు విశేష మిది: సంస్కృతమున సిద్ధముగా నున్న ‘పశ్చాత్తాపము’ను, తెలుగుతనముట్టిపడు ‘మారుమనస్సు’ను రెంటిని వారు వేఱువేఱు చోట్ల వాడిరి. గురువు నప్పగించిన యూదా ముప్పది వెండినాణెములను దిరిగి పాఱవేసి యురివేసికొనెను. అచ్చట ‘పశ్చాత్తాపము’ అనియే యున్నది. గ్రీకుమూలమునను అచ్చటి పదము వేఱు. యూదా దుఃఖించెను, తప్పు నొప్పుకొనెను, సొమ్మునుగూడ దిరిగి యిచ్చెను. అయినను వాడు మరలివచ్చుటకు ద్రోవ లేదనుకొనెను. గురువు నెఱుగనని ముమ్మాఱు బొంకిన పేతురును వెక్కి వెక్కి యేడ్చెను. కాని వాడు మరలివచ్చెను. వెనుకకు జూచి కాలుట తాపము. వెనుదిరిగి నడచుట మార్పు.

మన ధర్మశాస్త్రముల కీ విషయము క్రొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతి మూడవ యధ్యాయమునకు బ్రాయశ్చిత్తాధ్యాయమనియే పేరు. ‘ప్రాయము’ తపస్సనియు, ‘చిత్తము’ నిశ్చయమనియు బూర్వులు వ్యుత్పత్తి చెప్పిరి. మనుస్మృతి పదునొకండవ యధ్యాయము, పాపమును బహిరంగముగా జెప్పుకొనుట, అనుతాపము, తపస్సు మొదలగువానివలన బాపి విముక్తుడగునని చెప్పి, ఇక నిట్లు చేయనని మానుకొనుటచేతనే పవిత్రుడగునని తేల్చుచున్నది. ఇంత చక్కని మాట చెప్పిన గ్రంథమే పాపమునకును బరిహారమునకును వర్ణమునుబట్టి తూనిక లేర్పఱచుట మన దౌర్భాగ్యము. ఇంకొక భేదముగూడ గలదు. ప్రాయశ్చిత్త మొక్కొక్క కార్యమునకు వేఱువేఱుగా విధింపబడినది. మారుమనస్సు కార్యమును గాక కర్తనే యడుగుచున్నది.

ఇక మన దేశమునం దీ మాట పరీక్షకు వచ్చిన సందర్భమును జూతము. బందరున రాబర్టు నోబిలు 1841లో దిగి, 1843లో బాఠశాల స్థాపించి, ప్రధానముగా నగ్రవర్ణబాలురకు విద్య గఱపెను. 1852లో నిద్దఱు విద్యార్థులు క్రైస్తవము స్వీకరింపగా దలిదండ్రులు తమ పిల్లలను మానిపించుకొనిరి. బడి యొక్కసారిగా ఖాళీ యయ్యెను. ఆ కాలపు పెద్దలకు భయము కలిగించినది మనస్సు మారుట కాదు, కులము మారుట.

ఒంగోలున జరిగిన చరిత్ర యింకొక విధము. అమెరికను బాప్టిస్టు సంఘమునకు జెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో నచ్చట నిలిచెను. ఆ యేడే యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద వచ్చి బాప్తిస్మము పొందెను. అతడు రాజయోగసంప్రదాయమున సాధన చేసినవాడు. సత్యమును వెదకుట యతనికి గ్రొత్త కాదు. అతనివెంట మాదిగలు తండోపతండములుగా వచ్చిరి. వీరిని జేర్చుకొన్నచో దాము రామని యగ్రవర్ణములవారు పట్టుబట్టిరి. క్లౌ దొర మాదిగలను విడువలేదు.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును గొప్ప కఱవు పీడించెను. క్లౌ బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు దీసికొని, వేలమందికి గూలి యిప్పించి ప్రాణములు నిలిపెను. అన్నమునకై మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకై, సుమారు పదునైదు నెల లెవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. సాయమొసగుట ముగిసినదనియు, ఇక ధన మేమియు లేదనియు చెప్పినను జనులు మరలిపోలేదు. 1878 జులై 3వ తేదీన ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మయొడ్డున వెల్లంపల్లివద్ద నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు తెలుగు బోధకు లిద్దఱిద్దఱుగా వంతులు వేసికొని నీట నిలిచి యా కార్యమును నడపిరి. ఆ యేడు ముగియులోపల నీ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

ఇచ్చట నొక యాక్షేపము నాటినుండి నేటివఱకు వినబడుచున్నది. “ఆకలిగొన్నవాని మనస్సు మార్పు మార్పా? అది కూటికొఱకు వేసిన మారువేషము గాదా?” అని. చిన్ననాడు మేమును మా పెద్దల నోట నీ మాట విని నమ్మితిమి. ఇప్పు డా నమ్మికను బరీక్షింపవలసియున్నది.

పరుని హృదయమును దూచుటకు మనచేత ద్రాసు లేదు. కాని కార్యములు కనబడును. క్లౌ వచ్చినవారికి ముఖ్యముగా మూడు నియమములు పెట్టెను: ఆదివారమున బని మానవలెను, విగ్రహములను బూజింపరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు. చదువరులు కొంచెము నిలిచి యాలోచింపుడు. గ్రామమున బశువు చచ్చినప్పుడు దానిని లాగివేయుటయు, జాతరలో డప్పు కొట్టుటయు మాదిగల విధి. ఆ మాంసము వారి కూలిలో భాగము. ఆ నియమములకు లోబడుట యనగా గ్రామముతో తగవు తెచ్చుకొనుటయే. కఱవు దినములందు తినదగిన మాంసమును వలదనువాడు కూటికొఱకు వచ్చినవాడని యెట్లనవచ్చును? వారిలో వెనుకకు బోయినవారును గలరు. ఏ గుంపున నుండరు? అయినను నిలిచినవారు తమ బిడ్డలకు జదువు చెప్పించుకొనిరి, తలయెత్తి నడచిరి.

మఱియొక సంగతి. క్రైస్తవులు పశ్చాత్తాపమునకు బ్రధానదృష్టాంతముగా జెప్పు తప్పిపోయిన కుమారుని కథయందు, ఆ కుమారు డేల మరలివచ్చెను? దూరదేశమున గఱవు వచ్చినది. పందులు తిను పొట్టుతోనైన గడుపు నింపుకొన గోరెను. తండ్రియింట గూలివాండ్రకుగూడ నన్న మున్నదని జ్ఞప్తికి వచ్చి లేచెను. ఆకలియే వానిని ద్రోవ పట్టించెను. తండ్రి దూరమునుండియే చూచి పరుగెత్తి కౌగిలించుకొనెను గాని, నీవు వచ్చినది ప్రేమకా, కూటికా యని విచారణ చేయలేదు. విచారణ చేసినవా డొక్కడే: పెద్దకుమారుడు. ఇల్లు విడువనివాడు, ఆజ్ఞ మీఱనివాడు, పొలమున బాటుపడినవాడు. వాడు విందునకు రాక వాకిట నిలిచి కోపించెను. కథ ముగియునప్పటికి జిన్నవాడు లోపల నున్నాడు. పెద్దవాడు లోనికి వచ్చెనో లేదో గ్రంథము చెప్పదు.

ఆ వాకిట నిలిచినవారు మనమే కాదా? ఒంగోలు కథను జదివి వారి మనస్సు నిజముగా మాఱెనా యని నూటయేబది యేండ్లుగా నడుగుచున్నాము. మన మనస్సు మాఱెనా యని యడుగుకొన్నవారెందఱు? 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగమున బదునేడవ యధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. శాసనము చేతిని బట్టి యాపగలదు, మనస్సును మరలింపజాలదు. నేటికిని వేఱు శ్మశానములు గల యూళ్లు లేవా? ఇల్లు అద్దెకిచ్చుటకు ముందు కులము దెలిసికొనగోరు చదువరులు లేరా? క్రైస్తవసంఘములును దమలో మాల మాదిగ భేదములను బూర్తిగా దుడిచివేయలేదు. ఈ మాట వారికిని వర్తించును.

సుంకరియగు జక్కయ్య యని యొకడు ఆ గ్రంథమున గలడు. వాడు తన యాస్తిలో సగము బీదల కిచ్చెదననియు, అన్యాయముగా గొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననియు లేచి నిలిచి చెప్పెను. వాడేడ్చినట్లు గ్రంథమున లేదు. వాని మారుమనస్సు లెక్కలపుస్తకమున గానవచ్చెను.

మఱునాడు మేము తరగతికి బోయి యా బాలునితో నిట్లంటిమి: “నాయనా, నిన్న నొకటి, నేడొకటి తలచుట చాపల్యము. తప్పునకు గుందుట తాపము. ఎవనికి నీవు కీడు చేసితివో వానివైపు తిరిగి నడచుట మారుమనస్సు.” వాడు కొంతసేపాలోచించి, “అయితే ముందెవరు నడువవలెనండీ?” అని యడిగెను. ఈసారి మేము నవ్వలేదు. “పెద్దవారు” అంటిమి.