జనాభా లెక్కలలో పూర్వీకుల జాడ

ఇంగ్లండ్, వేల్స్‌లలో పదేళ్ళకొకసారి జనాభాను లెక్కించే పద్ధతి 1801లో మొదలైనా, 1831 వరకు జరిగిన నాలుగు గణనలలో ప్రభుత్వం ప్రధానంగా కోరినది జనసంఖ్యే తప్ప ప్రతి మనిషి పేరు కాదు గనుక, వంశచరిత్రకు అక్కరకు వచ్చే లెక్కలు 1841తోనే ఆరంభమవుతాయి. ఆ ఏడు జూన్ 6 రాత్రి ఏ ఇంట ఎవరున్నారో పేరుపేరునా రాయించారు. అయితే పదిహేనేళ్ళు దాటినవారి వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాయాలన్న ఆదేశం వల్ల, 39 ఏళ్ళ మనిషి ఆ లెక్కలలో సాధారణంగా 35 ఏళ్ళవాడుగానే కనిపిస్తాడు. కుటుంబ యజమానితో బంధుత్వం, వివాహస్థితి, పుట్టిన ఊరు 1851 నుంచి నమోదు కావడంతో, విడివిడి పేర్లు కుటుంబాలుగా కుదురుకున్నాయి.

ఈ సమాచారం మూలరూపంలోనే నిలిచిందని భావించడం పొరపాటు. ఇంటింటికీ ఇచ్చిన పత్రాన్ని యజమాని పూరించేవాడు, చదువు రానివారికి ఎన్యూమరేటర్, అనగా గణన చేసే ఉద్యోగి, పూరించేవాడు. ఆ వివరాలను అతడే తన పుస్తకంలోకి ఎక్కించిన పిమ్మట, 1901 వరకు ఇంటి పత్రాలను దాదాపుగా నాశనం చేశారు. కాబట్టి ఆ కాలానికి లభించేది నకలే. యజమాని చేతిరాత నిలిచినది 1911 నుంచే. నేటి కంప్యూటర్ సూచికలు ఆ నకలును మరొకరు చదివి రాసినవి కావడంతో, ఒక్క పేరులోనే ఇద్దరు ముగ్గురి తప్పులు చేరే వీలుంది.

ఆకర సూచన, అంటే సమాచారం ఎక్కడ దొరికిందో తెలిపే గుర్తింపు, ఇందుకే అవసరమైంది. బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారం 1841, 1851 లెక్కలకు హెచ్‌ఓ 107 అనీ, 1861 నుంచి ఆర్‌జీ 9 మొదలుకొని వరుసగా 1921కి ఆర్‌జీ 15 అనీ శ్రేణి సంఖ్యలిచ్చింది. 1901 వరకు ఆ శ్రేణి తరువాత పీస్ నంబరు (ఒక సంపుటి సంఖ్య), ఫోలియో (ఆకుకు ముందువైపు కుడి పైమూలన ముద్రించిన సంఖ్య), పుట సంఖ్య చేరతాయి. ఒక ఫోలియోకు రెండు వైపులున్నందున పుట సంఖ్య లేని సూచన అసంపూర్ణం. 1841కి వీటితోపాటు ఎన్యూమరేటర్ పుస్తక సంఖ్యనూ చెప్పాలి. వెబ్‌సైట్ చిరునామా మారినా ఈ సంఖ్యలు మారవు. పరిశోధకుడు మూలపత్ర ప్రతిబింబాన్ని చూశాడా, సూచికను మాత్రమే చూశాడా అన్నదీ, పేరు వర్ణక్రమాన్ని సవరించకుండా ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాడా అన్నదీ సూచనలో తెలియాలి.

కొన్ని లెక్కలు మాత్రం ఎంత వెదికినా దొరకవు. 1931 నాటి ఇంగ్లండ్, వేల్స్ పత్రాలు 1942 డిసెంబరులో అగ్నికి ఆహుతి కాగా, 1941లో యుద్ధం వల్ల గణనే జరగలేదు. నూరేళ్ళ గోప్యత నియమం వల్ల 1921 లెక్కలు 2022లోగాని వెలుగుచూడలేదు.

భారతదేశంలో పరిస్థితి వేరు. దేశమంతటా ఒకే సమయంలో తొలి గణన 1881 ఫిబ్రవరి 17న జరిగినా, ప్రచురించినవి పట్టికలు, నివేదికలే. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ గణన పత్రాలను పరిశీలించే హక్కును ఎవరికీ ఇవ్వదు. అందువల్ల తెలుగు కుటుంబాల పరిశోధన భూమి రికార్డుల వంటి ఇతర ఆధారాల మీద నడుస్తుంది. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళినవారి సంతతికి నౌకా జాబితాలు ఉన్నాయి. వాటిలో వలసదారుని సంఖ్య, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం కనిపిస్తాయి. అక్కడా గుమాస్తా ఆంగ్ల లిపిలో తోచినట్టు రాసిన తెలుగు పేరును, ఊరి పేరును మొదట అలాగే ఉటంకించి, వలసదారుని సంఖ్య, నౌక పేరు చేర్చి, అది ఫలానా గ్రామమన్న నిర్ణయాన్ని వేరుగా రాయడం ఉచితం. పత్రం చెప్పినదేదో, పరిశోధకుడు ఊహించినదేదో విడివిడిగా కనిపించినప్పుడే, తరువాతి తరం ఆ ఊహను సరిచూడగలదు, అవసరమైతే తోసిపుచ్చగలదు.