ఎఱ్ఱనదిపై సామాన్య సైనికుడు

సేనానుల జయాపజయములకు చరిత్రకారులు కేటాయించిన పుటలలో నూఱవ వంతైనను సామాన్య భటుని దినచర్యకు దక్కలేదు. ఐనను సేనాని పొరపాటును భటుని రెక్కల కష్టమే దిద్దవలసివచ్చిన సందర్భములు చరిత్రలో లేకపోలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలమున, 1864 వసంతమందు, లూసియానా రాష్ట్రములోని ఎఱ్ఱనదిపై సాగిన దండయాత్ర అట్టివానిలో నొకటి.

బానిసత్వ సమస్య మూలముగా 1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రముల మధ్య చెలరేగిన ఆ యుద్ధము 1865 వఱకు సాగెను. 1863 జూలై నాటికి మిసిసిపీ మహానది యంతయు ఉత్తరసేనల వశమైనది. దాని పడమటి ప్రాంతమున దక్షిణ పక్షమువారి ముఖ్యస్థానమైన ష్రీవ్‌పోర్టు ఎఱ్ఱనది ఒడ్డున నుండెను. దానిని పట్టుకొని టెక్సాసుపై కాలు మోపుట, మెక్సికోలో తిష్ఠవేసిన ఫ్రెంచి సైన్యమునకు హెచ్చరిక చేయుట ఈ దండయాత్ర ఉద్దేశములు. ఆ తీరమున నిలువయున్న ప్రత్తి బేళ్ళపై ఆశయు తక్కువది కాదు. దక్షిణపు రేవులు దిగ్బంధమున నుండుటచే లాంకషైరు మిల్లులు ప్రత్తికై అలమటించుచుండెను. మన దేశపు ప్రత్తికి ఎన్నడును లేని గిరాకి కలిగి, గుంటూరు ప్రాంతపు ప్రత్తి కాకినాడ రేవున ఓడల కెక్కుట హెచ్చినదియు ఆ యేండ్లలోనే. ఒక నదీతీరపు పోరాటము మఱొక ఖండమందలి రైతు గడపను తాకిన తీరు ఇది.

దండయాత్రకు జనరల్ బ్యాంక్స్ సేనాపతి. నౌకాదళమునకు అడ్మిరల్ పోర్టరు అధిపతి. సుమారు ముప్పదివేల సైన్యము, ఇరువదికి పైగా యుద్ధనౌకలు మార్చి నెలలో కదలినవి. ఏటేట వసంతమున పొంగు ఎఱ్ఱనది ఆ యేడు తగినట్లు పొంగలేదు. నౌకల అడుగులు ఇసుకను రాచుకొనుచుండగనే పోర్టరు వానిని ఎగువకు నడిపించెను. తరువాతి కష్టములలో సగము ఈ తొందరపాటు నుండి పుట్టినవే.

నదిపై భటుని బ్రతుకు సుఖమైనది కాదు. రవాణా పడవల తట్టులపై మనుష్యులు, గుఱ్ఱములు, బస్తాలు క్రిక్కిఱిసి యుండెడివి. ఎండయైనను వానయైనను అక్కడనే నిద్ర. రాయివలె గట్టిదైన బిస్కట్టు, ఉప్పుపట్టించిన పందిమాంసము, కాఫీ – ఇవియే ఆహారము. కాఫీ కాచుటకు బురదతో ఎఱ్ఱనైన ఆ నదినీరే గతి. పొయ్యిలోనికి కట్టె కావలసినప్పుడు ఒడ్డునకు దిగి తోటల కంచెలు పెఱికి తెచ్చెడివారు. నది యిఱుకైన మలుపులలో చెట్ల చాటునుండి ఎప్పుడు తుపాకిగుండు వచ్చునో తెలియదు. దోమలు, జ్వరము, రక్తగ్రహణి అంతకంటె క్రూరమైన శత్రువులు. ఆ యుద్ధమున మడిసిన సైనికులలో దాదాపు మూడింట రెండు వంతులు రోగముల చేతనే మరణించిరి.

గ్రాండ్ ఎకోర్ అను చోట బ్యాంక్స్ నదిని విడిచి, నౌకల ఫిరంగుల రక్షణ యందని అడవిదారిని పట్టెను. ఒక్క బండి మాత్రమే పట్టు ఆ బాటపై సామానుల బండ్ల వరుస మైళ్ళకొలది సాగి, ముందున్నవారికి వెనుకవారి సాయ మందకుండ చేసెను. ఏప్రిల్ 8న మాన్స్‌ఫీల్డు వద్ద దక్షిణ సేనాని టేలరు వారిని చెదరగొట్టెను. మఱునాడు ప్లెజెంట్ హిల్లు వద్ద ఉత్తరసేన శత్రువును నిలువరించినను, సేనాపతి వెనుకకు మరలుటకే నిశ్చయించెను. నిలిచి గెలిచినవారమనుకొన్న భటులు ఆ రాత్రియే తిరోగమించుటకు ఆజ్ఞ పొందిరి.

ఏప్రిల్ చివర అలెగ్జాండ్రియా పట్టణము చేరుసరికి అసలు ఆపద తెలియవచ్చినది. అచ్చటి రాతిదిబ్బలపై నీరు మూడడుగుల నాలుగంగుళములు మాత్రమే యుండెను. నౌకలు దాటుటకు ఏడడుగులు కావలెను. పది యుద్ధనౌకలు ఎగువన చిక్కుకొనినవి. నౌకలను విడిచిపోయినచో శత్రువు పాలగును. నిలిచియుండిన సైన్యమే ముట్టడి పాలగును. వానిని తామే పేల్చివేయుట యొక్కటే దారియని పలువురు తలంచిరి.

అప్పుడు విస్కాన్సిన్‌కు చెందిన లెఫ్టినెంట్ కర్నల్ జోసెఫ్ బెయిలీ, నదికి ఆనకట్ట కట్టి నీటిని ఎత్తుదమని సూచించెను. కలప వ్యాపారమున కొయ్యదుంగలను నదిలో తేల్చిన అనుభవము అతనిది. పెక్కుమంది ఇంజనీర్లు నవ్విరి. ధవళేశ్వరమున గోదావరికి 1847 – 1852 మధ్య కట్టిన ఆనకట్టను ఎఱిగినవారికి ఇందలి సూత్రము వింత కాదు. అచ్చట ఎత్తిన నీరు పొలములకు, ఇచ్చట ఓడలకు. కాని గోదావరి పనికి ఏండ్లు పట్టగా, బెయిలీకి దొరకినవి దినములు మాత్రమే.

ఏప్రిల్ 30న పని ఆరంభమైనది. నది వెడల్పు 758 అడుగులు. వేగము గంటకు తొమ్మిది మైళ్ళు. ఇంచుమించు మూడువేలమంది రాత్రింబవళ్ళు నీటిలో నిలిచి శ్రమించిరి. మెయిన్ రాష్ట్రపు దళములలోని కట్టెకొట్టువారు ఒకవైపునుండి వృక్షములను పడగొట్టి, కొమ్మలతో నదిలోనికి పేర్చిరి. చెట్లు లేని రెండవవైపున కొయ్యపెట్టెలు దింపి, రాళ్ళు, ఇటుకలు, చెఱకు మిల్లుల యంత్రభాగములు నింపిరి. నడుమ బరువు నింపిన పెద్దపడవలను ముంచిరి.

ఈ శ్రమలో 97వ, 99వ నల్లజాతి పదాతిదళములవారి పాలు ఎన్నదగినది. నిన్నమొన్నటి బానిసలు వారిలో పెక్కుమంది. తెల్ల భటునకు నెలకు పదమూడు డాలర్ల జీతము; నల్ల భటునకు పది, అందులో బట్టల క్రింద మూడు కోత. అదే ఏప్రిల్ 12న ఫోర్టు పిల్లో వద్ద లొంగిపోయిన నల్ల సైనికులు పలువురు వధింపబడిరి. చిక్కినచో తమ గతి యేమో తెలిసియు వారు ఆ మెడలోతు నీటిలో నిలిచిరి. సమాన వేతనమును ఒప్పుకొను చట్టము జూన్ నెలలో గాని రాలేదు. అప్పటికి ఆనకట్ట పని ముగిసి నెల దాటినది.

నీరు అయిదడుగులకు మించి పెరిగెను. మే 9 ఉదయమున ప్రవాహపు త్రోపుడుకు రెండు పడవలు కొట్టుకొనిపోయి, నడుమ గండి పడినది. నీరు తఱిగిపోకమునుపే దాటుమని పోర్టరు ‘లెక్సింగ్టన్’ నౌకను ఆజ్ఞాపించెను. అది గండిలో దూకి, ఊగి, తేలి ఆవల నిలిచెను. తీరమందలి వేలకొలది భటుల జయధ్వానము మిన్ను ముట్టెను. మఱి మూడు నౌకలు దానిని అనుసరించెను. తక్కిన ఆఱింటికై భటులు మరల నీటిలో దిగి ఎగువన క్రొత్త కట్టలు వేసిరి. మే 13 నాటికి అన్నియు దాటిపోయెను.

ఆ దినముననే సైన్యము తరలుచుండగా అలెగ్జాండ్రియా పట్టణము మంటల పాలైనది. బెయిలీకి అమెరికా కాంగ్రెసు కృతజ్ఞతలు తెలిపెను. బ్యాంక్స్ రణరంగ సేనాధిపత్యమును కోల్పోయెను. ష్రీవ్‌పోర్టు దొరకలేదు, దండయాత్ర విఫలము. ఆ నౌకలు మాత్రము మిగిలినవి.

వానిని మిగిల్చినవారిలో సేనాని వ్యూహమును మెచ్చినవాడు గాని, తాను కట్టినదానికి తగిన కూలి ముట్టినవాడు గాని అరుదు. పై యధికారి తప్పునకు క్రింది పనివాడు వెల చెల్లించుట ఏ దేశమునకును క్రొత్త కాదు. ఎఱ్ఱనది కథలో విశేష మేమనగా, అతడు వెల చెల్లించుటతో ఆగక, తప్పును సైతము తన చేతులతో దిద్దినాడు.