కనబడని సేవకునికి నామకరణము

శిశువు జన్మించినప్పుడు పేరు కొరకు తాతముత్తాతలను, జన్మనక్షత్రమును విచారించుట మన వాడుక. కంప్యూటరులో కంటికి కనబడక పనిచేసెడి ప్రోగ్రామునకు పేరు పెట్టవలసినప్పుడు దేనిని విచారించవలెను? ప్రశ్న వినోదముగా తోచినను, దాని వెనుక నూటయేబది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1867 లో భౌతిక శాస్త్రజ్ఞుడు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, మిత్రుడు టెయిట్‌కు వ్రాసిన లేఖలో ఒక సూక్ష్మజీవుని ఊహించెను. రెండు గదుల నడుమ తలుపు కడ నిలిచి, వేగముగల అణువులను ఒక వైపునకు, మందగతి గలవానిని మరియొక వైపునకు పంపుట వాని పని. 1874 లో విలియం థామ్సన్ వానికి 'డీమన్' అని పేరు పెట్టెను.

1963 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందము, తెరవెనుక అలయక పనిచేయు ప్రోగ్రాములకు ఈ పేరునే గ్రహించెను. ఫైళ్ళకు టేపులపై నకళ్ళు తీయుట అట్టి తొలి సేవలలో నొకటి. కోర్బాటో మొదట భౌతిక శాస్త్రము చదివినవాడు. డీమన్ అనగానే మన చెవికి దయ్యము స్ఫురించును గాని, వారు తలచినది ద్వారమున నిలిచిన ఆ సేవకునే. పిమ్మట యూనిక్స్ పద్ధతిలో ఇట్టి ప్రోగ్రాముల పేర్ల తుద 'డి' అను అక్షరము చేర్చుట ఆచారమయ్యెను. మనకు ఇంటిపేరు ముందు వచ్చును. వీరికి చివర వచ్చినది.

ఈ సేవకులలో ప్రాక్సీ యొక తెగ. మన కోర్టు భాషలో చెప్పవలెనన్న ముక్త్యారు. మనము కోరిన పుటను దూరపు యంత్రమునుండి మనకు బదులుగా తాను తెచ్చి యిచ్చును. ఒక నకలు దాచి, తరువాత అడిగినవారికి దానినే అందించును. 1994 నాటికి జినీవా చెంతనున్న సెర్న్ సంస్థవారి ప్రోగ్రాము ఈ పని చేయుచుండెను. దాని పేరు హెచ్.టి.టి.పి.డి. పని యేదో, జాతి యేదో చెప్పెడి పేరే గాని ముద్దుపేరు కాదు.

1996 లో హార్వెస్ట్ అను ప్రోగ్రామునుండి మరియొక ప్రాక్సీ వెలువడెను. మంచి పేర్లన్నియు ఇతరులు ముందే తీసికొనిరని కర్తలు చెప్పుకొనిరి. నిర్మాణకాలమున గుర్తుగా వాడిన 'స్క్విడ్' అను సముద్రజీవి పేరే నిలిచిపోయినది.

2006 లో నార్వేలోని వెర్డెన్స్ గాంగ్ పత్రిక కొరకు వెలసిన సాధనమునకు 'వార్నిష్' అని పేరు. చిత్రప్రదర్శన ప్రకటనలోని 'వెర్నిసాజ్' అను మాటను చూచుచు దీనికి మూలపురుషుడైనవాడు నిఘంటువు తెరచెనట. వార్నిష్ పూయుట, మెరుగు పెట్టుట, లోపమును కప్పి పైకి అందముగా చూపుట అను అర్థములు కనబడినవి. ఇవి తమ సాధనమునకు చక్కగా సరిపోవునని కర్తలే చమత్కరించిరి.

ఈ మూడవ అర్థము కడ మనము ఒకింత ఆగవలెను. మధ్యవర్తి మన కోరికలను గుర్తించగలడు; నిన్నటి నకలును నేటిదిగా చూపగలడు. ముక్త్యారునామాపై సంతకము చేయుటకు ముందు మనిషి నెరుగుదుము గదా! కావున నూతన ప్రాక్సీకి పేరు వెదకువారు ఇంపైన మాటతో తృప్తిపడక, నడుమ ఒకడున్నాడని తెలిపెడి గురుతును విడువరాదని మా అభిప్రాయము. వార్నిష్ కర్తలు దానిని విడువలేదు. యంత్రములో నడచెడి అసలు ప్రోగ్రాము పేరు వార్నిష్‌డి.